ముక్కు ముందు, వేలు తర్వాత

మేకుల గన్‌ని నడిపేది గాలి. కంప్రెసర్ బయటి గాలిని పీల్చి ఇనుప ట్యాంకులో కుక్కి పెడుతుంది. ఆ గాలి గొట్టం గుండా గన్‌లోకి వస్తుంది. వచ్చి, గన్ లోపలి చిన్న గదిలో నిండి, ఆగి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఒక వాల్వు తెరుచుకుంటుంది. ఆగి ఉన్న గాలి ఒక్కసారిగా పిస్టన్ మీద పడుతుంది. పిస్టన్ కింద సన్నని ఉక్కు పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీ మేకు తల మీద కొడుతుంది. మేకు చెక్కలో దిగిపోతుంది. ట్రిగ్గర్ వదలగానే పిస్టన్ పైకి లేస్తుంది. వాడిన గాలి బుస్సుమని బయటికి పోతుంది. మేకుల వరస వెనకాల ఉన్న స్ప్రింగు తర్వాతి మేకుని ముందుకి తోస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

సుత్తితో కొట్టేటప్పుడు మనిషికి కొంత వ్యవధి ఉంటుంది. చెయ్యి పైకి లేవాలి. కన్ను గురి చూడాలి. దెబ్బ తప్పితే వేలి గోరు నల్లబడుతుంది, రెండు రోజులు సలుపుతుంది. మేకుల గన్‌లో ఆ వ్యవధి లేదు. దెబ్బ తప్పిందని తెలిసేసరికి మేకు లోపల ఉంటుంది. అది చెక్కలోనా, చేతిలోనా అన్నది గన్‌కి తెలియదు.

ఈ పనిముట్టు 1950లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. అక్కడ ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రాలతో కడతారు. ఒక ఇంటికి వేల మేకులు పడతాయి. అందుకే అక్కడ మూడంగుళాల మేకుని ఒక్క దెబ్బలో దించే పెద్ద గన్‌లు వాడతారు. మన దగ్గర గోడలు ఇటుకవి, శ్లాబులు కాంక్రీటువి. అందువల్ల మన దగ్గరికి ఎక్కువగా చిన్న గన్‌లే వచ్చాయి. వంటింటి అరలు, బట్టల బీరువాలు, ప్లైవుడ్ అంచుకి వేసే బీడింగ్ పట్టీలు, సోఫా గుడ్డ, సరుకు పంపే చెక్క పెట్టెలు. వీటన్నిటికీ ఇప్పుడు గాలి గన్నే. హైదరాబాదులోనో, విజయవాడలోనో కొత్త అపార్టుమెంటులో ఇంటీరియర్ పని జరుగుతుంటే, మెట్ల దగ్గరే టపటపమని ఆ చప్పుడు వినిపిస్తుంది. మేకు చిన్నది కదా, గాయమూ చిన్నదే అవుతుందనుకోవడం పొరపాటు. 30 మిల్లీమీటర్ల మేకు వేలిని ఇవతలి నుంచి అవతలికి దాటిపోగలదు.

గాయాల లెక్క అమెరికాలో ఉంది. 2001 నుంచి 2005 వరకు అక్కడి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు ఏటా సగటున సుమారు 37,000 మంది మేకుల గన్ గాయాలతో వచ్చారు. వాళ్లలో పదిమందిలో నలుగురు వడ్రంగులు కారు. సొంత ఇంటి పని సొంతంగా చేసుకునేవాళ్లు. అమెరికాలో ఇల్లు కొనుక్కుని, శని ఆదివారాల్లో కంచె బాగుచేసుకునే తెలుగువాళ్లకు కూడా ఈ సంగతి పట్టేదే. ఇంకో లెక్క ఉంది. వడ్రంగం నేర్చుకుంటున్న కుర్రాళ్లని అక్కడ పరిశీలించారు. నాలుగేళ్ల శిక్షణ పూర్తయ్యేలోపు ప్రతి ఐదుగురిలో ఇద్దరు మేకుల గన్‌తో గాయపడ్డారు. పదిమందిలో ఒకరికి మూడుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు కూడా తగిలింది. గాయాల్లో సగానికి పైగా చేతికీ, వేళ్లకీ అయినవే.

ఇన్ని గాయాల వెనక కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది మాత్రం ట్రిగ్గర్. శ్రోతలు ముఖ్యంగా గమనించవలసిన చోటు ఇదే.

మేకుల గన్ ముందు భాగంలో ఒక ముక్కు ఉంటుంది. అది కదిలే ముక్కు. చెక్కకి ఆనించి నొక్కితే లోపలికి పోతుంది. ఎత్తితే స్ప్రింగు దాన్ని బయటికి తెస్తుంది. ముక్కు లోపలికి పోకుండా మేకు రాకూడదు. ట్రిగ్గర్ నొక్కకుండా కూడా మేకు రాకూడదు. రెండూ కలిస్తేనే మేకు. ఇంతవరకు ఇలాంటి గన్‌లన్నీ ఒకటే. తేడా ఎక్కడ వస్తుందంటే, ఆ రెండింటిలో ఏది ముందు జరగాలి అన్న దగ్గర.

ఒక రకం గన్‌లో వరస తప్పడానికి వీల్లేదు. ముందు ముక్కు చెక్కకి ఆనాలి. తర్వాత వేలు ట్రిగ్గర్ నొక్కాలి. అప్పుడు ఒకే ఒక్క మేకు వస్తుంది. రెండో మేకు కావాలంటే వేలు వదలాలి, ముక్కు ఎత్తాలి, మళ్లీ మొదటి నుంచి రావాలి. దీన్ని ఫుల్ సీక్వెన్షియల్ ట్రిగ్గర్ అంటారు. ఇంకో రకంలో ఆ కట్టుబాటు లేదు. ట్రిగ్గర్‌ని ముందే నొక్కి పట్టుకోవచ్చు. ఆ తర్వాత ముక్కు ఎక్కడ తగిలితే అక్కడ మేకు దిగుతుంది. టక్, టక్, టక్ అని వరసగా తాకిస్తూ పోవచ్చు. దీన్ని కాంటాక్ట్ ట్రిగ్గర్ అంటారు. పని త్వరగా అవుతుందని దీన్ని ఇష్టపడేవాళ్లు చాలామంది.

ఈ రెండో రకంతో వచ్చే చిక్కు ఏమిటి? వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది. మనిషి అదే పట్టుతో ఒక చోట నుంచి ఇంకో చోటికి నడుస్తాడు. నిచ్చెన దిగుతాడు. వంగి ఇంకో ముక్క అందుకుంటాడు. ఆ కదలికలో గన్ ముక్కు మోకాలికి తగులుతుంది. లేదా తొడకి తగులుతుంది. లేదా పక్కన చెక్క పట్టుకుని కూర్చున్న మనిషి భుజానికి తగులుతుంది. గన్‌కి చెక్కా, మోకాలూ ఒకటే. ముక్కు ఆనింది, ట్రిగ్గర్ నొక్కి ఉంది. అంతే, మేకు వస్తుంది.

రెండో ప్రమాదం మరీ విచిత్రమైనది. మేకు దిగగానే గన్ వెనక్కి తంతుంది. పనివాడు ఆ తన్నుకి ఎదురుగా గన్‌ని మళ్లీ ముందుకి నొక్కుతాడు. అది అతను ఆలోచించి చేసేది కాదు, చెయ్యి దానంతటది చేసేది. వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది. ముక్కు రెండోసారి చెక్కకి తగిలింది. అడగని రెండో మేకు వచ్చేసింది. ఆ రెండోది ఒక్కోసారి మొదటి మేకు తల మీదే పడుతుంది. ఇనుము మీద పడ్డ ఇనుము నిలవదు. ఎటో ఎగిరిపోతుంది. కొత్తగా గన్ పట్టినవాళ్లకు ఇది ఎక్కువగా జరుగుతుంది. తన్నుని ఎలా తట్టుకోవాలో వాళ్ల చేతికి ఇంకా అలవాటై ఉండదు.

మళ్లీ చెప్పుకుందాం. ముక్కు ముందు ఆనాలి. వేలు తర్వాత నొక్కాలి. మేకు దిగగానే వేలు ట్రిగ్గర్ మీద నుంచి వచ్చెయ్యాలి. అలా కట్టుబాటు చేసే గన్‌తో పోలిస్తే, నొక్కిపట్టి తాకించే గన్‌తో గాయపడే అవకాశం రెట్టింపు అని అమెరికాలో వడ్రంగుల మీద జరిగిన పరిశీలనల్లో తేలింది.

మరి పని ఆలస్యం కాదా? ఈ మాట ప్రతి మేస్త్రీ అడుగుతాడు. అడగవలసిన మాటే. దీన్నీ కొలిచి చూశారు. అనుభవమున్న పదిమంది వడ్రంగుల చేత ఒకే కొలతలతో రెండేసి చిన్న చెక్క గదులు కట్టించారు. ఒకటి ఒక రకం గన్‌తో, ఇంకొకటి రెండో రకం గన్‌తో. వరస ప్రకారం కొట్టే గన్‌తో మేకులు కొట్టే సమయం సుమారు 10 శాతం పెరిగింది. కానీ మొత్తం పని సమయంలో చూస్తే ఆ తేడా ఒక్క శాతం కూడా లేదు. ఎందుకంటే వడ్రంగి రోజంతా మేకులే కొట్టడు. కొలుస్తాడు, గీత గీస్తాడు, కోస్తాడు, అమర్చి చూస్తాడు, మూలమట్టం పెట్టి సరిచేస్తాడు. మేకు కొట్టడం అందులో చిన్న వంతు. పని త్వరగా అయిందా, నెమ్మదిగా అయిందా అన్నది గన్ రకం కన్నా చేసే మనిషి మీదే ఎక్కువ ఆధారపడిందని కూడా అందులోనే తేలింది. కాబట్టి తొందర పేరుతో కాంటాక్ట్ ట్రిగ్గర్‌ని వెనకేసుకు రావడానికి పెద్ద ఆధారం లేదు.

చేతిలో ఉన్న గన్ ఏ రకమో చూసి చెప్పడం కష్టం. రంగుని బట్టి తెలియదు, ధరని బట్టీ తెలియదు. పరీక్షించి తెలుసుకోవాలి. ముందు గాలి గొట్టం తీసెయ్యాలి. తర్వాత మేకులన్నీ బయటికి తీసెయ్యాలి. ఒక్కటి కూడా లోపల మిగలలేదని చూసుకోవాలి. అప్పుడు మళ్లీ గాలి తగిలించాలి. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచి, ముక్కుని పనికిరాని చెక్క ముక్క మీద నొక్కాలి. గన్ కొట్టకూడదు. తర్వాత గన్‌ని చెక్క మీద నుంచి ఎత్తి, నేల వైపు పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాలి. అప్పుడూ కొట్టకూడదు. ఈ రెండింటిలో ఎప్పుడు కొట్టినా ఆ గన్ పాడైనట్టే, పక్కన పెట్టాలి. ఇక మూడోది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, ఆ తర్వాత ముక్కుని చెక్కకి తాకించాలి. కొడితే అది కాంటాక్ట్ రకం. కొట్టకపోతే వరస రకం. కొన్ని గన్‌లకు ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే మీట ఉంటుంది. కొన్నిటికి ట్రిగ్గర్ భాగం విడిగా దొరుకుతుంది, మార్పించుకోవచ్చు.

సోఫా గుడ్డ కొట్టే స్టేప్లర్లు, సన్నని పిన్నులు కొట్టే చిన్న గన్‌ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి కదిలే ముక్కే ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే చాలు, గాలిలోకైనా పిన్ను ఎగురుతుంది. అలాంటి గన్ దగ్గర యంత్రం చేసే కాపలా ఏమీ లేదు. వేలే కాపలా. కొట్టే క్షణం తప్ప మిగతా సమయమంతా వేలు ట్రిగ్గర్ బయట, పిడి పక్కన ఆనుకుని ఉండాలి.

ముక్కు ఉన్న గన్‌ని కూడా కొందరు ముక్కు లేనిదిగా చేస్తారు. ఇరుకు మూలల్లో ముక్కు అడ్డం వస్తోందని స్ప్రింగు తీసేస్తారు. లేదా ముక్కుని తీగతో వెనక్కి కట్టేస్తారు. అలా కట్టేసిన గన్ బాడుగ సామానులో ఒక చోట నుంచి ఇంకో చోటికి పోతుంది. కట్టినవాడికి ఆ సంగతి తెలుసు. తర్వాత పట్టుకున్నవాడికి తెలియదు. దెబ్బ తగిలేది ఆ రెండోవాడికే. ముక్కు కట్టేసి ఉన్న గన్‌ని ఎవరూ వాడకూడదు. ఆ మాటకి మినహాయింపు లేదు.

ఇక చెయ్యి ఎక్కడ ఉండాలి అన్న సంగతి. మన వడ్రంగులకు నేల మీద కూర్చుని పని చేసే అలవాటు ఉంది. చెక్కని కాలి వేళ్లతో, మడమతో అదిమి పట్టుకుంటారు. ఉలితో, బాడిసతో పని చేసేటప్పుడు ఆ పట్టు చూడముచ్చటగా ఉంటుంది. తరాల నుంచి వచ్చిన నేర్పు అది. మేకుల గన్ దగ్గర మాత్రం ఆ నేర్పు పనికిరాదు. మేకు దిగే చోటికి పాదం జానెడు దూరంలో కూడా ఉండదు. పైగా చాలామంది చెప్పులైనా లేకుండా కూర్చుంటారు. గన్‌తో పని అంటే చెక్క బల్ల మీద ఉండాలి. దాన్ని క్లాంపు పట్టుకోవాలి. పాదాలకు బూట్లు ఉండాలి. మేకు పడే చోటికి చెయ్యి కనీసం 12 అంగుళాల దూరంలో, అంటే ఒక అడుగు దూరంలో ఉండాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థల మార్గదర్శిని చెబుతుంది. ఆ దూరం దొరకనంత చిన్న ముక్క అయితే, చేత్తో పట్టుకునే పని కాదది. క్లాంపుకో, సుత్తికో అప్పగించాల్సిన పని.

ఒక అడుగు దూరం ఎందుకు? మేకు ఎప్పుడూ నిటారుగానే దిగదు. చెక్కలో ముడి ఉంటే దానికి తగిలి వంకర తిరుగుతుంది. నార ఏటవాలుగా ఉంటే దాని వెంటే పోతుంది. పోయి, చెక్క పక్క నుంచి బయటికి వస్తుంది. చూసేవాళ్లకు మేకు లోపలే ఉన్నట్టు ఉంటుంది. దాని మొన మాత్రం పక్కన పట్టుకున్న వేలిలో ఉంటుంది. పాత ఇంటి దూలాలు, పాత తలుపులు చీల్చి వాడేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఆ టేకులో ఎప్పుడో తాతల నాడు కొట్టిన ఇనుప మేకులు దాగి ఉండొచ్చు. ముందు వాటిని వెతికి తీసెయ్యాలి.

మేకు పొడవు లెక్క కూడా చూసుకోవాలి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ని 9 మిల్లీమీటర్ల పలక మీద కొడుతున్నారనుకుందాం. రెండూ కలిపి 21 మిల్లీమీటర్లు. గన్‌లో 30 మిల్లీమీటర్ల మేకు ఉంది. అంటే అవతలి వైపు 9 మిల్లీమీటర్ల మొన బయటికి వస్తుంది. అవతలి వైపు పలక ఊగకుండా అరచెయ్యి ఆనించి ఒక మనిషి నిలబడి ఉంటాడు. బీరువా పనిలో సహాయకుడి చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కాబట్టి కొట్టబోయే ముందు మందం కలిపి చూడాలి. అవతల ఎవరున్నారో చూడాలి. కంటికి కనిపించకపోతే నోరు తెరిచి అడగాలి. గోడకి ఆనించి కొట్టేటప్పుడు లోపల కరెంటు వైర్లు ఎటు పోతున్నాయో ఎలక్ట్రీషియన్‌ని అడిగి తెలుసుకోవాలి. ఇంకో మాట. చెక్క మేకుల గన్‌తో కాంక్రీటు గోడకి కొట్టకూడదు. మేకు దిగదు, తిరిగి వస్తుంది. కాంక్రీటుకి దిగే గట్టి మేకులు వేరు, వాటి గన్ వేరు.

తర్వాత గాలి సంగతి. కంప్రెసర్ స్విచ్ కట్టేస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. స్టవ్ ఆర్పేసినంత మాత్రాన ప్రెషర్ కుక్కర్ మూత ఎవరూ తియ్యరు. లోపల ఆవిరి ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. కంప్రెసర్ కూడా అంతే. మోటారు ఆగినా ట్యాంకులో గాలి ఉంటుంది, గొట్టంలో ఉంటుంది, గన్ లోపలి గదిలో ఉంటుంది. ఆ గాలికి ఇంకా చాలా మేకులు కొట్టే బలం ఉంటుంది. గొట్టం ఊడదీస్తేనే గన్ ఆగినట్టు.

అందులోనూ ఒక మెలిక ఉంది. గొట్టానికీ గన్‌కీ మధ్య ఒక కప్లర్ ఉంటుంది. అందులో ఆడ భాగం, మగ భాగం ఉంటాయి. ఆడ భాగంలో గాలిని ఆపే చిన్న వాల్వు ఉంటుంది. అది గొట్టం వైపు ఉండాలి. మగ భాగం, అంటే వాల్వు లేని ఖాళీ గొట్టంలాంటి ముక్క, గన్ వైపు ఉండాలి. అలా ఉంటే గొట్టం తియ్యగానే గన్‌లో మిగిలిన గాలి బుస్సున బయటికి పోతుంది. తిరగేసి బిగిస్తే, గొట్టం తీసినా గాలి గన్ లోపలే చిక్కుకుని ఉంటుంది. గొట్టం లేని గన్ ఒక మేకు కొట్టగలదంటే ఎవరూ నమ్మరు. కొడుతుంది. గొట్టం తీసినప్పుడు బుస్సుమన్న చప్పుడు వినిపించకపోతే ఆ కప్లర్‌ని సరిచేయించాలి.

గొట్టం ఎప్పుడెప్పుడు తియ్యాలి? గన్‌లో మేకు ఇరుక్కుంటే, ముందు గొట్టం తియ్యాలి, తర్వాతే ముక్కు తెరవాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇరుక్కున్న మేకు వెనక పిస్టన్ గాలి బలంతో ఒత్తుకుని ఉంటుంది. మేకుని పట్టకారుతో లాగగానే ఆ పట్టీ విసురుగా దూకుతుంది. గన్ ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడూ గొట్టం తియ్యాలి. నిచ్చెన ఎక్కేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తియ్యాలి. టీకి పోయినా, అన్నానికి పోయినా తియ్యాలి. పని జరిగే ఇంట్లో పిల్లలు తిరుగుతుంటే ఈ చివరి మాట రెండింతలు పట్టించుకోవాలి. పిల్లవాడికి ఆ పిడీ, ట్రిగ్గరూ ఆటబొమ్మలాగే కనిపిస్తాయి. చెక్కపని జరుగుతున్న ఇంటి యజమానులు ఈ సంగతి మేస్త్రీకి ధైర్యంగా చెప్పవచ్చు.

గాలి బలం ఎంత ఉండాలి అన్నది గన్ మీదే రాసి ఉంటుంది. చిన్న గన్‌లకు సాధారణంగా 60 నుంచి 100 పీఎస్‌ఐ. షాపు భాషలో చెప్పాలంటే సుమారు 4 నుంచి 7 కేజీల గాలి. తక్కువతో మొదలుపెట్టాలి. పనికిరాని ముక్క మీద ఒక మేకు కొట్టి చూడాలి. తల పైకి మిగిలితే కొద్దిగా పెంచాలి. తల సమంగా దిగితే అక్కడ ఆగాలి. గాలి ఎక్కువైతే మేకు పలుచని పలక గుండా దూసుకుపోతుంది, తన్ను పెరుగుతుంది, గన్ లోపలి రబ్బర్లు త్వరగా పోతాయి. రెగ్యులేటర్ చెడిపోయిన కంప్రెసర్‌తో పని చెయ్యకూడదు.

కంప్రెసర్ లేదని వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి తగిలించాలన్న ఆలోచన కూడా రాకూడదు. గన్‌లో నూనె ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే పేలుతుంది. పైగా అలాంటి సిలిండర్లలోని వాయువుకి గన్ తట్టుకోలేనంత ఒత్తిడి ఉంటుంది. ఈ గన్‌కి కంప్రెసర్ గాలి ఒక్కటే తిండి. అలాగే గాలి గొట్టంతో ఒంటి మీది పొట్టు దులుపుకోకూడదు. సరదాకి కూడా దాన్ని మనిషి మీదికి తిప్పకూడదు. కార్ఖానాల్లో ఆ సరదా ప్రాణాలు తీసి, పోలీసు కేసులైన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి.

కళ్లకూ, చెవులకూ రక్షణ కావాలి. మేకుల్ని వరసగా అతికించే జిగురు పెంకులు, చెక్క పేళ్లు, ఎగిరిన మేకులు కంటికి తగలొచ్చు. చూపుకి పెట్టుకునే మామూలు కళ్లజోడు చాలదు. పక్కల నుంచి కూడా మూసి ఉండే, దెబ్బకి పగలని రక్షణ కళ్లద్దాలు కావాలి. అవి కొట్టేవాడికే కాదు, పక్కన పట్టుకునేవాడికీ కావాలి. చప్పుడు విషయానికి వస్తే, కొన్ని మేకుల గన్‌లని కొలిస్తే 109 నుంచి 136 డెసిబెల్స్ వరకు వచ్చింది. ఒక్కొక్క చప్పుడు సెకనులో పదోవంతు కూడా ఉండదు. అందుకే ఎవరూ లెక్కచెయ్యరు. కానీ రోజుకి వందలసార్లు, అదీ మూసిన గదిలో. చెవిలో దూది పెట్టుకుంటే ఆగే చప్పుడు కాదది. చెవి ప్లగ్గులు పెట్టుకోవాలి.

నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిని తల పైకి చాపి కొట్టే పని ఉంటుంది. అక్కడ సుత్తే మేలు. ముఖం ఎత్తులో కొట్టవలసి వస్తే గన్ తన్ని నుదుటికి తగలవచ్చు. అలవాటైన చేత్తో అందని మూల అయినా, మనిషి దూరలేని ఇరుకు అయినా అంతే. అక్కడ గన్ దించి సుత్తి తీసుకోవాలి. మంచి వడ్రంగి సంచిలో సుత్తి ఎప్పుడూ ఉంటుంది.

ఇంత చూసుకున్నా ఒక్కోసారి మేకు తగులుతుంది. అప్పుడేం చెయ్యాలి? మేకు లోపలే ఉంటే లాగకూడదు. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. కానీ గన్ మేకులకు ముళ్లలాంటి అంచులు ఉండొచ్చు, అతికించిన జిగురు ఉంటుంది, ప్లాస్టిక్ పట్టీ ముక్కలు ఉంటాయి. లాగితే అవి లోపల ఇంకా చీరుకుపోతాయి, లేదా లోపలే ఉండిపోతాయి. తర్వాత చీము పడుతుంది. చేతి గాయాల్లో నాలుగో వంతు దాకా నరమో, ఎముకో, కీలో, కండర బంధమో దెబ్బతిన్నవే. ఎక్స్‌రే తీస్తేగానీ అది తెలియదు. కాబట్టి చెయ్యి కదలకుండా, పైకి ఎత్తి పట్టుకోవాలి. శుభ్రమైన గుడ్డని మేకు చుట్టూ ఆనించాలి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏవీ పెట్టకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి. కంటికో, తలకో, ఛాతీకో తగిలితే 108కి ఫోన్ చెయ్యాలి. కంటిని నలపకూడదు, నొక్కకూడదు. అదే రకం మేకు పట్టీ ముక్క ఒకటి వెంట తీసుకుపోయి డాక్టరుకి చూపించాలి. లోపల ఏముందో ఆయనకి తెలుస్తుంది. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పాలి. నొప్పి లేదు కదా, సాయంత్రం చూద్దాం అని పని కొనసాగించడం మన కార్ఖానాల్లో పెద్ద జబ్బు. మేకు కీలులోకి దిగి ఉంటే ఆ ఆలస్యమే వేలిని బిగుసుకుపోయేలా చెయ్యవచ్చు.

కొత్తగా పనిలో చేరిన కుర్రాడి చేతికి మొదటిరోజే గన్ ఇవ్వడం మన దగ్గర మామూలు. చూసి నేర్చుకుంటాడులే అంటారు. అతను ముందుగా చూసేది మేస్త్రీ వేలినే. మేస్త్రీ నడుస్తూ కూడా ట్రిగ్గర్ మీద వేలు ఉంచుకుంటే, కుర్రాడూ అలాగే ఉంచుకుంటాడు. అతనికి ఇవ్వవలసింది వరస రకం గన్. ముందు మేకులు లేకుండా, తర్వాత పనికిరాని ముక్కల మీద, పక్కన మేస్త్రీ నిలబడి నేర్పాలి. గొట్టం తియ్యడం, ఇరుక్కున్న మేకు తియ్యడం అతని చేత చేయించి చూడాలి.

ఈ ప్రసంగం వింటున్న మేస్త్రీలు, కార్ఖానా యజమానులు రేపు పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒక్క పావుగంట కేటాయించండి. షెడ్డులో ఉన్న ప్రతి గన్‌నీ మేకులు తీసేసి పరీక్షించండి. ముక్కు కట్టేసినవి, స్ప్రింగు లేనివి పక్కన పెట్టించండి. నొక్కిపట్టి తాకించే రకం ఉంటే ట్రిగ్గర్ మార్పించండి. కొత్త గన్ కొనేటప్పుడు ధర కన్నా ముందు షాపులో అడగవలసింది ట్రిగ్గర్ ఏ రకం అని.